పిప్పి పళ్ళకు చికిత్సలు

దంతక్షయం వలన పాడైన పంటిలో కుళ్ళిన భాగాన్ని తొలగించి, పోయిన మేరను తగిన పదార్థంతో పూరించి, పన్ను మళ్ళీ నమలడానికి పనికివచ్చేలా చేసే పద్ధతులను పిప్పి పళ్ళకు చికిత్సలు అంటారు. పుచ్చు పైపొరకే పరిమితమైతే సిమెంటు నింపడం, లోపలి మజ్జ వరకు చేరితే రూట్ కెనాల్ చికిత్స చేసి తొడుగు వేయడం, ఏ విధంగానూ నిలపలేని పంటిని తీసివేయడం వీటిలో ముఖ్యమైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రచురించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మందికి శాశ్వత దంతాలలోను, 51 కోట్లకు పైగా పిల్లలకు పాలపళ్ళలోను చికిత్స అందని పుచ్చు ఉంది.

పుచ్చు పోగొట్టిన పన్ను భాగం తిరిగి పెరగదు. చర్మం మీది గాయం మానుతుంది, విరిగిన ఎముక అతుక్కుంటుంది, కాని పంటికి పడిన రంధ్రం తనంతట తాను పూడదు. అందువలన ఈ వ్యాధిలో ఆలస్యానికి మూల్యం ఎక్కువ. ఒక్కసారి కూర్చుంటే పూర్తయ్యే చిన్న సిమెంటు పని, సంవత్సరం తరువాత రూట్ కెనాల్ అవుతుంది. మరికొంత కాలానికి పన్నే పోవచ్చు.

పేర్లు

తెలుగులో పుచ్చిన పంటిని పిప్పి పన్ను, పుచ్చు పన్ను, పుప్పి పన్ను అని ప్రాంతాన్ని బట్టి పిలుస్తారు. వైద్య గ్రంథాలలో దంతక్షయం అనే మాట వాడుకలో ఉంది. ఆయుర్వేద గ్రంథమైన సుశ్రుత సంహితలో దీనిని క్రిమిదంతం అన్నారు. పంటిలోని రంధ్రాన్ని పూరించడాన్ని ప్రజలు "సిమెంటు పెట్టించుకోవడం" అనీ, పంటిపై వేసే తొడుగును "క్యాపు" అనీ అంటారు. ఈ వ్యాసంలో ఈ వాడుక మాటలనే ఉపయోగించడమైనది.

పంటి నిర్మాణం

చికిత్సను అర్థం చేసుకోవడానికి పంటిలోని మూడు పొరలను తెలుసుకోవాలి.

* పింగాణి పొర: దీనిని ఎనామెల్ అంటారు. శరీరంలో అన్నిటికంటె గట్టి పదార్థం ఇదే. బరువులో సుమారు 96 శాతం ఖనిజం. ఇందులో నాడులు ఉండవు, కనుక పుచ్చు ఈ పొరలో ఉన్నంతవరకు నొప్పి తెలియదు.
* డెంటిన్: పింగాణి పొర క్రింద ఉండే పసుపుపచ్చని పొర. ఇది పింగాణి కంటె మెత్తనిది. ఇందులోని అతి సన్నని గొట్టాల ద్వారా చల్లదనం, తీపి, పులుపు లోపలి నాడులకు తెలుస్తాయి. పళ్ళు జివ్వుమని లాగడానికి కారణం ఇదే.
* దంతమజ్జ: దీనిని పల్ప్ అంటారు. పంటి నడుమ ఉండే మెత్తని భాగం. రక్తనాళాలు, నాడులు ఇందులో ఉంటాయి. ఇది పంటి వేళ్ళలోని సన్నని దారుల ద్వారా దవడ ఎముకతో కలుస్తుంది. ఆ దారులనే రూట్ కెనాళ్ళు అంటారు.

పిల్లలకు 20 పాలపళ్ళు, పెద్దలకు జ్ఞానదంతాలతో కలిపి 32 శాశ్వత దంతాలు ఉంటాయి. మొదటి శాశ్వత దవడ పన్ను సుమారు ఆరవ ఏట, ఏ పాలపన్నూ ఊడకుండానే, చివరి పాలపంటి వెనుక వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దీనిని కూడా పాలపన్నుగానే భావించి పట్టించుకోరు. జీవితాంతం నిలవవలసిన ఈ పన్నే పిల్లలలో తరచుగా పుచ్చిపోతుంది.

పన్ను ఎలా పుచ్చుతుంది?

పంటిపై ఎల్లప్పుడూ జిగురువంటి పలుచని పాచి ఏర్పడుతూ ఉంటుంది. అందులో అసంఖ్యాకమైన బాక్టీరియా ఉంటుంది. వీటిలో 1924లో క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించిన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ ముఖ్యమైనది. మనం తిన్న చక్కెరను, మెత్తని పిండిపదార్థాన్ని ఈ సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. పంటి ఉపరితలంలో పీహెచ్ విలువ సుమారు 5.5 కంటె తగ్గినపుడు పింగాణి పొరలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తరువాత అర గంట నుండి ఒక గంట లోపల లాలాజలం ఆ ఆమ్లాన్ని తటస్థీకరించి, కొంత ఖనిజాన్ని తిరిగి పంటికి చేరుస్తుంది. 1940లలో స్టీఫన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ హెచ్చుతగ్గులను కొలిచి చూపాడు.

పంటికి నష్టం కలగడంలో ఎంత తీపి తిన్నాము అనేదే కాక, ఎన్నిసార్లు తిన్నాము అనేది కూడా ముఖ్యమని దీనివలన తెలుస్తుంది. భోజనంతో పాటు ఒక్కసారి తీపి తిన్నవాని పళ్ళకు కోలుకునే వ్యవధి దొరుకుతుంది. రోజంతా చప్పరిస్తూ, గుటకలుగా త్రాగుతూ ఉండేవాని పళ్ళకు ఆ వ్యవధి దొరకదు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రించే పసిపిల్లలకు ముందుపళ్ళు పుచ్చడానికి కారణం కూడా ఇదే. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక నష్టం మరింత ఎక్కువ.

మామిడి ప్రాంతాలలో పళ్ళ సంరక్షణ

కృష్ణా జిల్లాలో ఉండి 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు, చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి వంటి మామిడి రకాలకు ప్రసిద్ధి. వేసవి మూడు నెలలు ఈ ప్రాంతంలో మామిడి పచ్చిగాను, పండుగాను, ఊరగాయగాను, తాండ్రగాను తినబడుతుంది. మామిడి మంచి ఆహారమే. అయితే దానిని తినే తీరును బట్టి పళ్ళపై దాని ప్రభావం వేరువేరుగా ఉంటుంది.

* పచ్చి మామిడి: ఉప్పు కారం అద్దుకుని తినే పచ్చి ముక్కలలో పులుపు చాలా ఎక్కువ. ఈ ఆమ్లం సూక్ష్మజీవుల ప్రమేయం లేకుండానే పింగాణి పొరను నేరుగా మెత్తబరుస్తుంది. దీనిని దంతక్షరణం అంటారు. ఇది పుచ్చు కాదు. రంధ్రానికి బదులు పన్ను మొత్తం పలుచబడి పులకరిస్తుంది. "పళ్ళు పులిశాయి" అని మనం అనేది ఈ స్థితినే.
* రసాలు: రసం మామిడిలో పీచు ఎక్కువ. అది పళ్ళ సందులలో ఇరుక్కుని, తీపితో పాటు గంటల తరబడి అక్కడే ఉంటుంది. పళ్ళ మధ్య పుచ్చు మొదలయ్యేది ఇటువంటి చోట్లనే.
* మామిడి తాండ్ర: ఎండిన తాండ్రలో చక్కెర గాఢత ఎక్కువ, పైగా అది దవడ పళ్ళ గాళ్ళలో అంటుకుంటుంది. పండు కంటె తాండ్ర వలన పంటికి ముప్పు ఎక్కువ.

పండు తిన్న వెంటనే నీటితో బాగా పుక్కిలించడం, పీచును గుండుసూదితో గాక దారంతో తీయడం మంచిది. పుల్లనివి తిన్న వెంటనే బ్రష్షుతో తోమరాదు. మెత్తబడిన పింగాణి పొర రాపిడికి అరిగిపోతుంది. కనీసం అర గంట ఆగి తోముకోవాలి.

పల్లెలలో వేప పుల్లతోను, మామిడి ఆకుతోను పళ్ళు తోముకునే అలవాటు ఉండేది. పుల్ల నమిలి కుంచెలా చేసి తోముకుంటే పాచి కొంతవరకు పోతుంది. అయితే వీటిలో పంటిని గట్టిపరచే ఫ్లోరైడు తగినంత ఉండదు, పళ్ళ సందులు కూడా సరిగా శుభ్రపడవు. ఇటుక పొడి, బొగ్గు, ఇసుక కలిసిన కచ్చిక వంటివి పింగాణి పొరను అరగదీస్తాయి.

రోగ నిర్ధారణ

పంటిపై సుద్దవంటి తెల్లని మచ్చ పుచ్చుకు తొలి గుర్తు. ఈ దశలో రంధ్రం ఉండదు. తరువాత మచ్చ గోధుమ రంగుకో, నలుపుకో మారి చిన్న గుంట పడుతుంది. అయితే ప్రతి నల్లని గీతా పుచ్చు కాదు. టీ, కిళ్ళీ, పొగాకు మరకలు కూడా నల్లగా ఉండవచ్చు. వైద్యుడు పంటిని ఆరబెట్టి, వెలుతురులో చూచి, అవసరమైతే ఎక్స్-రే తీస్తాడు. పళ్ళ మధ్యలోని పుచ్చు కంటికి కనిపించకపోయినా ఎక్స్-రేలో నల్లని నీడగా కనిపిస్తుంది.

నొప్పి స్వభావం కూడా పుచ్చు లోతును తెలుపుతుంది. చల్లని నీరు తగిలినపుడు జివ్వుమని, నీరు తీసివేయగానే తగ్గిపోతే మజ్జ ఇంకా ఆరోగ్యంగా ఉన్నట్లు భావిస్తారు. ఏమీ తగలకుండానే రాత్రివేళ పోటు మొదలై చాలాసేపు ఉంటే, వేడి తగిలితే ఎక్కువైతే, మజ్జ తిరిగి కోలుకోలేనంతగా వాచిందని అర్థం. కొన్నాళ్ళు వేధించిన నొప్పి హఠాత్తుగా ఆగిపోతే రోగం తగ్గిందని అనుకోవడం పొరపాటు. తరచుగా అది మజ్జ చచ్చిపోయిందనడానికి గుర్తు. తరువాతి దశలో వేరు కొనన చీము చేరుతుంది.

చికిత్సా విధానాలు

రంధ్రం పడకముందు

తెల్లమచ్చ దశలో పన్నును తొలచవలసిన పని లేదు. ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమడం, వైద్యుడు పూసే ఫ్లోరైడు వార్నిష్, తీపి తినే పర్యాయాలు తగ్గించడం ద్వారా పుచ్చును ఆపవచ్చు. దవడ పళ్ళపై ఉండే లోతైన గాళ్ళలోకి ఆహారం చేరకుండా సీలెంట్ అనే పలుచని పూతను వేస్తారు. ఆరేళ్ళ వయసులో వచ్చే దవడ పళ్ళకు ఇది మిక్కిలి ఉపయోగకరం.

సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవాన్ని పుచ్చిన చోట పూస్తే పుచ్చు చాలావరకు అక్కడితో ఆగుతుంది. సూది, యంత్రం అవసరం లేదు. అయితే పూసిన పుచ్చు భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. చిన్నపిల్లలకు, మంచం పట్టిన వృద్ధులకు ఇది అనుకూలం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని, గ్లాస్ అయనోమర్ సిమెంటును అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది.

సిమెంటు నింపడం

పుచ్చు డెంటిన్‌కు చేరి రంధ్రం పడినపుడు చేసే చికిత్స ఇది. సాధారణంగా ఒకే రోజున పూర్తవుతుంది. క్రమం ఇలా ఉంటుంది:

1. అవసరమైతే చిగురు దగ్గర మత్తు సూది ఇస్తారు.
2. వేగంగా తిరిగే పరికరంతో, చేతి పనిముట్లతో మెత్తబడిన భాగాన్ని తీసివేస్తారు. లోతైన చోట మజ్జ బయటపడకుండా, దానికి ఆనుకుని ఉన్న కొంత డెంటిన్‌ను వదలివేయడం నేటి పద్ధతి.
3. లాలాజలం తగలకుండా దూది చుట్టలు గాని, రబ్బరు తెర గాని ఉంచుతారు.
4. రంధ్రాన్ని పదార్థంతో నింపి, గట్టిపరచి, పంటి ఆకారానికి చెక్కి, ఎదుటి పంటికి సరిగా ఆనుతున్నదో లేదో చూస్తారు.

నింపే పదార్థాలలో ముఖ్యమైనవి మూడు.

* వెండి సిమెంటు: దీనిని అమాల్గం అంటారు. బరువులో సుమారు సగం పాదరసం, మిగిలినది వెండి, తగరం, రాగి కలిసిన పొడి. చాలాకాలం మన్నుతుంది, చవకైనది, కాని రంగు బూడిదరంగు, పైగా పంటికి అంటుకోదు. పాదరసం వలన పర్యావరణానికి కలిగే హాని దృష్ట్యా 2013 నాటి మినమాటా ఒప్పందం దీని వాడకాన్ని తగ్గించాలని కోరింది. భారతదేశం ఈ ఒప్పందాన్ని 2018లో ధ్రువీకరించింది. ఐరోపా సమాఖ్యలో 2025 జనవరి 1 నుండి, అరుదైన వైద్య కారణాలకు తప్ప, దీనిని నిలిపివేశారు. 2025 నవంబరులో జెనీవాలో జరిగిన సమావేశంలో ఒప్పంద దేశాలు 2034 నాటికి దీనిని పూర్తిగా మానాలని నిర్ణయించాయి. ఇదివరకే వేయించుకున్న వెండి సిమెంటు గట్టిగా ఉంటే, పాదరసం భయంతో దానిని తీయించుకోనవసరం లేదు. నిజానికి తీసేటపుడే ఆవిరి ఎక్కువగా వెలువడుతుంది.
* కాంపోజిట్: పంటి రంగులో ఉండే రెజిన్ పదార్థం. పంటిని ఆమ్లంతో గరుకుగా చేసి, జిగురు పూసి, పొరలు పొరలుగా నింపి, నీలి కాంతితో గట్టిపరుస్తారు. పంటికి అంటుకుంటుంది కనుక ఎక్కువ పన్ను తొలచనవసరం లేదు. తడి తగిలితే అతుకు దెబ్బతింటుంది, కనుక ఓపికగా చేయవలసిన పని.
* గ్లాస్ అయనోమర్: పంటికి రసాయనికంగా అంటుకుని, నెమ్మదిగా ఫ్లోరైడును విడుదల చేసే సిమెంటు. కాంపోజిట్ అంత గట్టిది కాదు. పాలపళ్ళకు, చిగురు దగ్గర అరిగిన పళ్ళకు వాడతారు. 1980లలో టాంజానియాలో మొదలైన ఒక పద్ధతిలో, విద్యుత్తు లేని పల్లెలలో సైతం చేతి పనిముట్లతోనే పుచ్చును గీకి ఈ సిమెంటును నింపుతారు.

రంధ్రం మరీ పెద్దదైతే, మిగిలిన గోడలు విరిగిపోకుండా, పంటి అచ్చు తీసి ప్రయోగశాలలో తయారుచేసిన ముక్కను అతికిస్తారు. దీనిని ఇన్‌లే లేదా ఆన్‌లే అంటారు.

మజ్జను కాపాడే చికిత్స

పుచ్చు మజ్జకు అతి సమీపంలో ఉన్నపుడు, లేదా తొలచేటపుడు మజ్జ కొద్దిగా బయటపడినపుడు, దానిపై కాల్షియం హైడ్రాక్సైడ్ గాని, ఎంటీఏ అనే సిమెంటు గాని ఉంచి పైన గట్టిగా మూసివేస్తారు. మజ్జ ఆరోగ్యంగా ఉంటే దాని క్రింద కొత్త డెంటిన్ ఏర్పడుతుంది. ఇది సఫలమైతే రూట్ కెనాల్ అవసరం తప్పుతుంది.

రూట్ కెనాల్ చికిత్స

మజ్జ కోలుకోలేనంతగా పాడైనపుడు పన్నును నిలపడానికి ఉన్న మార్గం ఇది. ఈ చికిత్సలో పంటి వేళ్ళను తీసివేస్తారని కొందరు భావిస్తారు. అది సరికాదు. వేళ్ళు అలాగే ఉంటాయి, వాటి లోపలి కుళ్ళిన మజ్జను మాత్రమే తీస్తారు.

మత్తు ఇచ్చిన తరువాత పంటి పైభాగంలో ద్వారం చేసి, సన్నని ఫైళ్ళతో ప్రతి దారినీ చివరి వరకు శుభ్రపరుస్తారు. దారి పొడవును ఎక్స్-రేతో గాని, ఎలక్ట్రానిక్ పరికరంతో గాని కొలుస్తారు. సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో పలుమార్లు కడిగి, ఆరబెట్టి, గట్టా పర్చా అనే పదార్థంతో పూడుస్తారు. ఇది మలయా ప్రాంతపు చెట్ల పాల నుండి వచ్చే రబ్బరువంటి పదార్థం. ముందుపంటికి సాధారణంగా ఒక దారి, క్రింది దవడ పంటికి మూడు లేక నాలుగు దారులు ఉంటాయి. పని ఒక రోజులో పూర్తి కావచ్చు, చీము ఉంటే రెండు మూడు పర్యాయాలు పట్టవచ్చు.

మొదటి రోజుతోనే నొప్పి తగ్గుతుంది కనుక చాలామంది తిరిగి వెళ్ళరు. తాత్కాలిక సిమెంటు కొద్దివారాలకే అరిగి, లాలాజలం లోపలికి చేరి, చికిత్స అంతా వృథా అవుతుంది. రూట్ కెనాల్ చేసిన పళ్ళు పోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తొడుగు

రూట్ కెనాల్ చేసిన దవడ పంటిలో చాలా భాగం ఖాళీ అయి ఉంటుంది కనుక, గట్టి వస్తువు కొరికినపుడు నిలువునా చీలిపోయే ప్రమాదం ఉంది. అందుకని దానిపై తొడుగు వేస్తారు. పంటిని చుట్టూ కొద్దిగా అరగదీసి, అచ్చు తీసి, లోహంతో గాని, లోహంపై పింగాణితో గాని, జిర్కోనియాతో గాని చేయించిన తొడుగును అతికిస్తారు. పైన మిగిలిన పన్ను చాలకపోతే వేరులో ఒక కడ్డీ నిలిపి, దానిపై సిమెంటు కట్టి, తరువాత తొడుగు వేస్తారు.

పాలపళ్ళకు చికిత్స

పాలపంటిలో పుచ్చు మజ్జకు చేరితే, పైభాగపు మజ్జను మాత్రమే తీసి మందు ఉంచుతారు. వేళ్ళలోని మజ్జ కూడా పాడైతే, వేరు కరిగేటపుడు తానూ కరిగిపోయే పేస్టుతో దారులను నింపుతారు. ఇటువంటి పంటికి తరచుగా ఉక్కు తొడుగు వేస్తారు. పాలపన్ను తన కాలానికి ముందే పోతే ప్రక్కపళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగి, క్రింద నుండి వచ్చే శాశ్వత దంతానికి చోటు లేకుండా చేస్తాయి.

పన్ను తీసివేయడం, తిరిగి కట్టించుకోవడం

వేరు వరకు చీలిపోయిన పన్ను, చిగురు క్రిందివరకు కుళ్ళిన పన్ను, ఎముక ఆధారం పోయి కదిలే పన్ను నిలపడం సాధ్యం కాదు. తీసిన చోట ఖాళీ వదలితే ఎదుటి పన్ను సాగివస్తుంది, ప్రక్కవి వంగుతాయి. తీసివేసిన పంటి స్థానంలో తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళు, ప్రక్కపళ్ళ ఆధారంతో బిగించే బ్రిడ్జి, దవడ ఎముకలో టైటానియం మర నాటి దానిపై పన్ను కట్టే ఇంప్లాంటు అనే మూడు మార్గాలున్నాయి. ఇంప్లాంటును 1965లో స్వీడన్‌కు చెందిన బ్రేనెమార్క్ తొలిసారి మనిషికి అమర్చాడు.

చరిత్ర

బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో తవ్వకాలలో లభించిన, 7,500 నుండి 9,000 సంవత్సరాల నాటి తొమ్మిదిమంది వ్యక్తుల అస్థికలలో పదకొండు పళ్ళకు చెకుముకి రాయి మొనతో తొలచిన రంధ్రాలు ఉన్నట్లు 2006లో ప్రకటించారు. పన్నును పురుగు తొలుస్తుందనే నమ్మకం అనేక ప్రాచీన నాగరికతలలో ఉంది. 1728లో ఫ్రెంచి వైద్యుడు పియర్ ఫోషార్ తన గ్రంథంలో ఈ నమ్మకాన్ని త్రోసిపుచ్చాడు. 1890లో మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులు చేసే ఆమ్లమే దంతక్షయానికి మూలమని వివరించాడు.

మత్తుమందులు వచ్చిన తరువాతే పంటి చికిత్స సహించదగినదయింది. 1905లో ప్రొకేన్, 1943లో స్వీడన్‌లో లిడోకేన్ తయారయ్యాయి. నేటికీ పళ్ళకు ఎక్కువగా వాడేది లిడోకేనే. 1955లో బ్యూనోకోర్ పంటిని ఆమ్లంతో గరుకు చేసి రెజిన్‌ను అతికించవచ్చని చూపాడు. 1957లో గాలి ఒత్తిడితో నిమిషానికి లక్షల సార్లు తిరిగే పరికరం అందుబాటులోకి వచ్చింది. 1970ల తొలి సంవత్సరాలలో ఇంగ్లండులో విల్సన్, కెంట్ గ్లాస్ అయనోమర్ సిమెంటును రూపొందించారు.

భారతదేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ స్థాపించాడు. దంతవైద్య వృత్తిని క్రమబద్ధం చేసే చట్టం 1948లో వచ్చింది.

ఫ్లోరైడు: మేలు, కీడు

ఫ్లోరైడు విషయంలో తెలుగు నేలకు ప్రత్యేక అనుభవం ఉంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించారు. భారతదేశంలో ఈ వ్యాధిపై వచ్చిన తొలి నివేదిక ఇదే. తరువాత నల్గొండ జిల్లా పేరు దీనితో ముడిపడింది. 1970లలో నాగపూరులోని నీరి సంస్థ, పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే "నల్గొండ పద్ధతి"ని రూపొందించింది.

దేశీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి. వేరే ఆధారం లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించితే, పళ్ళు ఏర్పడే వయసులోని పిల్లల పళ్ళపై చారలు, గోధుమరంగు మచ్చలు వస్తాయి, మరీ ఎక్కువైతే ఎముకలు దెబ్బతింటాయి. ఈ మచ్చలు పుచ్చు కాదు.

త్రాగునీటి ద్వారా శరీరంలోకి అధికంగా చేరే ఫ్లోరైడు వేరు, పేస్టు ద్వారా పంటి పైభాగానికి మాత్రమే తగిలే ఫ్లోరైడు వేరు. పేస్టును మింగకుండా ఉమ్మివేయడం వచ్చిన పిల్లలకు బఠానీ గింజంత, మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు. ఫ్లోరైడు అధికంగా ఉన్న గ్రామాలవారు పిల్లలకు వాడే పేస్టును గురించి వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి.

అపోహలు, వాస్తవాలు

* పై పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుంది: సరికాదు. పళ్ళకు స్పర్శను తెచ్చేది త్రిధార నాడి, చూపును మెదడుకు చేర్చేది దృక్ నాడి. రెండూ వేరు. నడివయసులో పళ్ళు తీయించుకునే సమయానికే చత్వారం కూడా రావడం వలన ఈ అపోహ పుట్టి ఉండవచ్చు.
* పంటిలో పురుగులుంటాయి, పొగ పడితే రాలిపోతాయి: సంతలలో వాకుడు గింజలను కాల్చి ఆ పొగను నోటికి పట్టించి పురుగులను చూపేవారుండేవారు. అలా చూపేవి గింజల నుండి వచ్చిన తునకలే గాని పంటి పురుగులు కావు. పుచ్చుకు కారణమైన సూక్ష్మజీవులు కంటికి కనిపించవు.
* లవంగ నూనె పుచ్చును మాన్పుతుంది: అందులోని యూజినాల్ నొప్పిని తాత్కాలికంగా తగ్గిస్తుంది, పుచ్చును ఆపలేదు. నొప్పి మాత్రను, పొగాకును పంటి ప్రక్కన ఒత్తిపెట్టడం వలన చిగురు కాలి పుండు పడుతుంది.
* పాలపళ్ళు ఎలాగూ ఊడిపోతాయి, చికిత్స అనవసరం: నొప్పితో తినలేని, నిద్రపోలేని పిల్లవాడు బరువు పెరగడు, చదువుపై మనసు నిలపలేడు. చీము లోతుగా చేరితే క్రింద తయారవుతున్న శాశ్వత దంతానికి కూడా మచ్చ పడవచ్చు.
* గర్భిణులకు పంటి చికిత్స చేయరాదు: అవసరమైన చికిత్స చేయవచ్చు. నాలుగవ నెల నుండి ఆరవ నెల వరకు అనుకూలమైన కాలం.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలసిన పరిస్థితులు

పంటి చీము ముఖం, మెడ లోపలి భాగాలకు ప్రాకితే ప్రాణాపాయం కలుగుతుంది. బుగ్గ లేదా గడ్డం క్రింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి కష్టం కావడం, వాపు కంటివైపు ప్రాకడం వంటి లక్షణాలలో ఏది కనిపించినా ఆ రాత్రే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు వాపును కొంత తగ్గించినా, చచ్చిన మజ్జలోకి రక్తప్రసారం ఉండదు కనుక మందు అక్కడికి చేరదు. మూలం అలాగే ఉండి వ్యాధి తిరిగి వస్తుంది.

వైద్య సదుపాయాలు

తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. నూజివీడు పరిసరాలవారికి విజయవాడ కళాశాలతో పాటు, గన్నవరం దగ్గరి చినఅవుటపల్లిలోను, ఏలూరు దగ్గరి దుగ్గిరాలలోను ప్రైవేటు దంతవైద్య కళాశాలలు అందుబాటులో ఉన్నాయి. బోధనాసుపత్రులలో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. సమయం ఎక్కువ పట్టినా, ఖర్చు సాధారణంగా బయటి క్లినిక్కుల కంటె తక్కువ. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పాఠశాలల్లో, అంగన్‌వాడీలలో జరిపే పరీక్షలలో దంతవ్యాధులు కూడా చేరి ఉన్నాయి. ఆ పరీక్షలో పిల్లవాని చీటీపై పంటి విషయం వ్రాసి ఉంటే, నొప్పి లేదు గదా అని ఊరుకోరాదు. నొప్పి లేని దశలోనే చికిత్స సులభం.

చికిత్సకు ముందు గుండెజబ్బు, మధుమేహం, రక్తపోటు, రక్తం పలుచబడే మందుల వాడకం, గర్భం, ఏదైనా మందు పడకపోవడం వంటి విషయాలను వైద్యునికి చెప్పాలి. రక్తం పలుచబడే మాత్రలను రోగి తనంతట తాను మానరాదు.

చికిత్స తరువాత జాగ్రత్తలు

* మత్తు దిగే వరకు, అంటే సుమారు రెండు మూడు గంటల పాటు, ఏమీ నమలరాదు. తిమ్మిరిలో పెదవిని, బుగ్గను కొరుక్కునే ప్రమాదం ఉంది. పిల్లలను ఈ సమయంలో కనిపెట్టి ఉండాలి.
* వెండి సిమెంటు పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు పడుతుంది. కాంపోజిట్ వెంటనే గట్టిపడుతుంది.
* సిమెంటు ఎత్తుగా తగులుతున్నట్లు అనిపిస్తే తిరిగి వెళ్ళి సరిచేయించుకోవాలి. అలవాటైపోతుందని వదలివేస్తే పన్ను నొప్పి పుడుతుంది.
* పన్ను తీయించుకున్నవారు దూదిని అర గంట నుండి ముప్పావు గంట సేపు కొరికి పట్టుకోవాలి. ఆ రోజు గట్టిగా ఉమ్మడం, పుక్కిలించడం, పొగ త్రాగడం చేయరాదు. గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోతే తీవ్రమైన నొప్పి వస్తుంది. మరునాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా పుక్కిలించవచ్చు.
* సిమెంటు పెట్టిన పన్ను అంచున, తొడుగు వేసిన పన్ను చిగురు దగ్గర మళ్ళీ పుచ్చు రావచ్చు. కనుక రాత్రి పడుకునే ముందు తోముకోవడం, సంవత్సరానికి ఒకసారైనా పరీక్ష చేయించుకోవడం అవసరం.